లేని పార్కుకు మేము కట్టిన సొమ్ము

సంపాదకుడు గారికి,

జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ వచ్చే దారిలో వెంచర్ల రంగు జెండాలు కనిపిస్తుంటాయి. సుమారు పదేళ్ల కిందట అలాంటి జెండాల మధ్యే నేను 200 గజాల ప్లాటు కొన్నాను. బ్రోచర్‌లో మా వీధి చివర ఆకుపచ్చ రంగు పూసి 'పార్కు' అని రాశారు. పక్కన ఉయ్యాల బొమ్మ కూడా వేశారు. ఏడాది తిరిగేసరికి ఆ ఆకుపచ్చ చోట హద్దురాళ్లు వెలిశాయి, ఆ తరువాత ప్రహరీ, గేటు. కొన్నవారిని ఏమీ అనలేను. వారూ నాలాగే డబ్బిచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకున్నవారే.

లేఅవుట్‌లో పదో వంతు ఖాళీగా వదిలి, దాన్నీ రోడ్లనూ స్థానిక సంస్థ పేరిట రాసివ్వాలన్నది నిబంధన. మా వెంచర్‌కు అసలు అనుమతే లేదని 2020లో అలాంటి ప్లాట్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం ఎల్‌ఆర్‌ఎస్ వచ్చినప్పుడు గానీ మాకు తెలియలేదు. మా తప్పు లేదనను. గజం ఎంత అని నాలుగుసార్లు అడిగిన మేము అనుమతి నంబరు ఒక్కసారీ అడగలేదు. వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకుని, రెండు వీధుల అవతల అద్దె ఇంట్లో ఉంటూ ఎదురుచూశాను.

2025 మార్చిలో 25 శాతం రాయితీ అనగానే పరుగున వెళ్లాం. లెక్కలో క్రమబద్ధీకరణ రుసుము కింద ఇంకో పద్దు కనిపించింది. పదో వంతు ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలో కొన్నవారు రిజిస్ట్రేషన్ నాటి ప్లాటు విలువలో 14 శాతం కట్టాలట. ఆ రోజు విలువ 4 లక్షలు ఉంటే 56 వేలు, రాయితీ పోగా 42 వేలు. పార్కును అమ్ముకున్న మనిషి ఎక్కడున్నాడో తెలియదు. దాని ఖరీదు మాత్రం మా దగ్గర వసూలైంది. కట్టకపోతే ఇంటికి అనుమతి రాదు కాబట్టి కట్టాం.

కట్టినందుకు ఏడవడం లేదు. ఖాళీ స్థలం పేరుతో ఏ కాలనీ నుంచి ఎంత వచ్చిందో, అది ఏ ఖాతాలో ఉందో మున్సిపాలిటీలు వార్డుల వారీగా ప్రకటించాలి. ఆ సొమ్ము ఆ కాలనీలోనే ఖాళీ స్థలం కొనడానికి ఖర్చు కావాలి, మురుగు కాలువకో వీధి దీపాలకో కాదు. వాటికి మేము వేరే పన్ను కడుతూనే ఉన్నాం.

మా కాలనీలో పక్కపక్కనే రెండు మూల ప్లాట్లు వయ్యారిభామ మొలిచి పడి ఉన్నాయి. కొంత మేర కలుపు పీకి పిల్లలు అక్కడే క్రికెట్ ఆడుతున్నారు. బంతి ఎదురింటి సంపులో పడితే ఆ పూటకు ఆట ముగిసినట్లే. ప్లాట్ల యజమాని హైదరాబాద్‌లో ఉంటారు, ధర కుదిరితే ఇస్తామంటున్నారు. మేము కట్టిన డబ్బుతో ఆ రెండింటినీ ప్రజల పేరిట కొనమని అడుగుతున్నాం. పోయిన వారం ఎవరో టేపు పట్టుకుని వచ్చి కొలుచుకుని వెళ్లారు.

- ఒక ప్లాటు యజమాని, మహబూబ్‌నగర్ జిల్లా