‘సార్ మాట వినపడట్లేదు మేడం’: వీడియో పాఠాల ఆలస్యం గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవుల తర్వాత పదో తరగతి భౌతికశాస్త్రం వీడియో పాఠాలు వరసగా వస్తాయని పోయిన వార్తాలేఖలో రాశాను. ఇప్పటిదాకా రెండే పంపగలిగాం. అందులో మొదటిదాన్ని వెనక్కి తీసుకున్నాం. ఏం జరిగిందో మీకు చెప్పాలి.

ఇన్నాళ్లూ పాఠం బడిలో, లెక్కలు ఇంట్లో. రాత్రి పూట లెక్క మధ్యలో ఆగిపోతే పిల్లలకు అడగడానికి ఎవరూ ఉండరు. అందుకని దీన్ని తిరగేశాం. పాఠం చిన్న వీడియోగా ముందురోజు ఇంట్లో చూస్తారు, లెక్కలు మర్నాడు బడిలో సార్ పక్కనుండగా చేస్తారు. ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అంటే ఇదే. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని వుడ్‌ల్యాండ్ పార్క్ హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే కెమిస్ట్రీ టీచర్లు 2007లో పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. ఆటల పోటీలకు వెళ్లి క్లాసులు పోగొట్టుకుంటున్న పిల్లల కోసం చేసిన పని అది. మన దగ్గర పత్తి ఏరే రోజుల్లో ఖాళీ అయ్యే బెంచీలు చూసే నేను కూడా ఈ పద్ధతి వైపు మొగ్గాను.

మొదటి వీడియో కుంభాకార కటకం, అంటే మధ్యలో లావుగా ఉండే లెన్సు మీద. సాయంత్రం బడి వదిలాక ల్యాబ్‌లో స్టూలు మీద పుస్తకాలు పేర్చి, పైన ఫోన్ పెట్టి తీశాం. ఉక్కపోతగా ఉందని ఫ్యాన్ వేసుకున్నాం. స్టాఫ్ రూమ్‌లో ల్యాప్‌టాప్ మీద చూస్తే బాగానే ఉంది. మర్నాడు సార్ ఇచ్చిన లెక్క ఇది: నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 20 సెం.మీ., వస్తువు కటకానికి 30 సెం.మీ. దూరంలో ఉంది, ప్రతిబింబం ఎక్కడ? జవాబు 60 సెం.మీ. రావాలి. సగం మందికి పైగా 12 అని రాశారు. ఒక అమ్మాయి నా దగ్గరకొచ్చి, ‘మేడం, నాన్న ఫోన్లో సార్ మాట వినపడట్లేదు, ఫ్యానే వినపడుతోంది’ అంది. ఆ ఫోన్ తెప్పించి వరండాలో చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. సార్ ‘మైనస్ ముప్పై’ అన్న చోట ‘ముప్పై’ ఒక్కటే వినపడింది. సూత్రంలో వస్తుదూరానికి మైనస్ గుర్తు పెట్టాలి, పెట్టకపోతే వచ్చేది సరిగ్గా 12. తప్పు పిల్లలది కాదు, మాది.

ఆ రోజు నుంచి ఒకటే నియమం పెట్టుకున్నాం. తరగతిలో అన్నిటికంటే పాత ఫోన్లో విని, చూసి, అర్థమైతేనే పంపాలి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు, మాట పోతే పాఠమే పోతుంది. ఇప్పుడు సార్ చొక్కాకు కాలర్ మైకు పెట్టుకుని, ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ చెబుతున్నారు.

మాట బాగుపడ్డాక సైజు సమస్య వచ్చింది. ఫోన్లో ఫుల్ హెచ్‌డీలో తీస్తే నిమిషానికి సుమారు 130 ఎంబీ అవుతుంది. పదకొండు నిమిషాల పాఠం 1.4 జీబీ దాటింది. రోజుకు 1.5 జీబీ రీచార్జ్ చేసుకునే ఇంట్లో ఒక్క పాఠానికి ఆ రోజు డేటా అంతా అయిపోతుంది. అందుకని ఆరేసి నిమిషాల ముక్కలు చేసి, స్పష్టత కాస్త తక్కువుండే 480పీకి కుదించి, ఒక్కోటి 40 ఎంబీ లోపు తెచ్చాం. కుదిస్తే బోర్డు మీది చిన్న అక్షరాలు చెదిరిపోతాయి. సార్ బోర్డు మానేసి తెల్లకాగితం మీద లావు స్కెచ్‌పెన్నుతో కిరణ చిత్రాలు గీస్తున్నారు, పైనుంచి తీస్తున్నాం. ట్యూబులైటు కింద తెర మీద చారలు కదులుతుంటే కెమెరా సెట్టింగుల్లో మన కరెంటుకు సరిపడే 50 హెర్ట్జ్ పెట్టాక తగ్గాయి. పాత నోట్సు ‘అను’ అనే పాతరకం తెలుగు ఫాంట్లలో ఉండటంతో వేరే కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు వచ్చాయి. తెలుగు మేడం రెండు ఆదివారాలు కూర్చుని అంతా ఏ కంప్యూటర్లోనైనా సరిగ్గా కనపడే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేశారు. ఆమెకు మనమంతా రుణపడి ఉన్నాం.

యూట్యూబ్‌లో, తెలంగాణ ప్రభుత్వ పాఠాల ఛానెల్ టీ-శాట్‌లో, కేంద్ర ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో పాఠాలున్నాయి కదా, మీకెందుకీ శ్రమ అని కొందరు అడిగారు. మంచివి ఉన్నాయి, క్లాసులో చూపిస్తున్నాం కూడా. కానీ మన పిల్లలు ఎక్కడ తడబడతారో మన సార్‌కు తెలుసు. అక్కడ ఆగి రెండోసారి చెబుతారు. అది బయటి వీడియోలో దొరకదు.

దీనికోసం దయచేసి ఎవరూ కొత్త ఫోన్ కొనొద్దు. అప్పు చేసి కొన్నారని తెలిస్తే నాకు బాధగా ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక ఒక్క ఇరవై నిమిషాలు మీ ఫోన్ పిల్లలకు ఇవ్వండి. వీలైతే పక్కన కూర్చోండి. పొలం నుంచో డ్యూటీ నుంచో ఫోన్ ఆలస్యంగా ఇంటికొచ్చే వాళ్ల పిల్లలు ఉదయం 8:15 నుంచి 9 దాకా కంప్యూటర్ గదిలో చూసుకోవచ్చు. నేనే తాళం తీస్తాను. వీడియో చూడకుండా వచ్చారని ఏ పిల్లనీ, పిల్లాణ్నీ ఎవరూ కోప్పడరు. ఆ మాట టీచర్లందరి చేతా చెప్పించాను.

డేటా ఖర్చు వద్దనుకుంటే మెమరీ కార్డు మీద పిల్లల పేరు రాసి, కవర్లో పెట్టి శనివారం పంపండి. సరిచేసిన మొదటి పాఠం, రెండోది, కొత్తగా తీసిన మూడోది అందులో ఎక్కించి సోమవారం తిరిగిస్తాం. ఇంట్లో చూశాక ఎక్కడైనా మాట తెగినా, అక్షరం కనపడకపోయినా ఏ నిమిషం దగ్గరో డైరీలో రాసి పంపండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు