మన సెంటర్ వార్షిక నివేదిక: ఈ ఏడు హాల్లో కంటే బాదం చెట్టు కిందే ఎక్కువ

సభ్యులందరికీ నమస్కారం. జూన్ నుంచి మే దాకా మన క్యాంపస్ కమ్యూనిటీ సెంటర్లో ఏం జరిగిందో రాస్తున్నాను, అన్నీ వరసగా కాదు, చెప్పి తీరాల్సినవి కాస్త వివరంగా. లెక్కల పుస్తకం, బిల్లులు ఆఫీసు గదిలో టేబుల్ మీదే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి అరకు వైపు నుంచి గిరిజనుల ధింసా నాట్య బృందం వచ్చింది. ముందు రోజు రాత్రి కిరండూల్ రైల్లో దిగి మన హాల్లోనే పడుకున్నారు. పొద్దున లేచేసరికి ఒకటే వాన, డప్పులు మెత్తబడిపోయాయి, కొడితే తడిగుడ్డ మీద కొట్టినట్టుంది. తోలు కాగితే గానీ డప్పు పలకదు కదా, సెక్యూరిటీ వాళ్ళేమో మంట వద్దన్నారు, బతిమాలి ఒప్పించి పాత పేపర్లు, ఎండు కొబ్బరి మట్టలు తెచ్చి వంటగది వెనక రేకుల కింద మంటేశాం. ఒక పెద్దాయన డప్పుని సెగ మీద తిప్పుతూ, వేలితో తట్టి చూసి, తల అడ్డంగా ఊపి మళ్ళీ సెగకి పెట్టేవాడు. ఖంగుమన్నాక గానీ లేవలేదు. మన స్టూడెంట్లు ఫోన్లు లోపల పెట్టేసి ఆయన చుట్టూ కూర్చుండిపోయారు.

తీరా స్టేజి ఎక్కాక ఒకమ్మ "ఈ గచ్చు మీద కాలు నిలవదు బాబూ, మట్టి మీదైతే ఆడతాం" అంది. వాన తెరిపిచ్చింది, అందరం బాదం చెట్టు కిందికి వచ్చేశాం. తుడుం, డప్పు, మోరి వాద్యాలు కలిసి మోగుతుంటే, వీపుల వెనక చేతులు పెనవేసుకుని ఆ వరస పాములా తిరుగుతుంటే, ఒడిశా పిల్లలు, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చి చదువుకుంటున్న వాళ్ళు కూడా వెళ్ళి కలిసిపోయారు. ఒక్క మాట, ఇదివరకు కళాకారులకి శాలువా, మెమెంటో ఇచ్చి డబ్బులు తర్వాత పంపేవాళ్ళం, అవి ఎప్పటికో చేరేవి. ఈసారి భోజనాల దగ్గరే చేతికిచ్చేశాం, రానుపోను చార్జీలతో సహా. ఇకమీద ఎవరొచ్చినా ఇదే పద్ధతి ఉండాలని నా మనవి.

డిసెంబర్ 3న వికలాంగుల హక్కుల మీద మీటింగ్ పెట్టాం. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టం వాటిని 21 చేసింది, దాని మీద మాట్లాడ్డానికి వీల్‌చైర్లో వచ్చిన అమ్మాయి మన మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఇద్దరు అబ్బాయిలు కుర్చీ ఎత్తబోతే "మోసుకెళ్తే గానీ రాలేని మీటింగ్‌కి నేను రానన్నా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మైకు, కుర్చీలు అన్నీ మళ్ళీ చెట్టు కిందికే తెచ్చాం, ఆ అమ్మాయి గంటసేపు మాట్లాడింది.

ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం, 1952లో ఢాకాలో బెంగాలీ కోసం ప్రాణాలిచ్చిన విద్యార్థుల గురించి ఒక బెంగాలీ అబ్బాయి చెప్పాడు. తర్వాత సవర తెగ అమ్మాయి ఒకరు వాళ్ళ అమ్మమ్మ చెప్పిన కథ సవర భాషలోనే చెప్పింది, ఎవరికీ అర్థం కాకపోయినా ఎవరూ కదల్లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని వ్యాకరణం రాశారని మనం గొప్పగా చెప్పుకుంటాం, ఆ తెగకే చెందిన మంగై గొమాంగో 1936లో సవరకి సొంత లిపి చేశారన్న సంగతి మాత్రం ఆ అమ్మాయి బోర్డు మీద అక్షరాలు రాసి చూపించేదాకా మాలో చాలామందికి తెలీదు.

ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి, హాస్టళ్ళలో కులం గురించి పిల్లలు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు, అక్కడ విన్నవి నేను ఇక్కడ రాయను. మర్నాటి నుంచే సముద్రంలో చేపల వేట నిషేధం, జూన్ 14 దాకా 61 రోజులు, మత్స్యకారులుండే పెద జాలరిపేట అక్కలు ఒక సాయంత్రం వచ్చి ఆ రోజుల్లో ఇల్లు ఎలా గడుస్తుందో చెప్పారు.

ఇక అసలు విషయం. హాలుకి ఏసీ పెట్టాలని కొందరు సభ్యులు అడుగుతున్నారు, నేను మాత్రం ముందు ర్యాంప్ అంటున్నాను. నాలుగు మెట్లు, ఒక్కోటి ఆరంగుళాలు, అంటే 2 అడుగుల ఎత్తు, అడుగు ఎత్తుకి 12 అడుగుల వాలు లెక్కన 24 అడుగుల ర్యాంప్ కావాలి, గోడ పక్కన చోటు సరిపోతుంది, టేపు పెట్టి కొలిచాను. సర్వసభ్య సమావేశంలో తేల్చుకుందాం, అందరూ రండి, కుర్చీలు చెట్టు కిందే వేస్తున్నాం.