శుభలేఖ వెనక వేసిన లెక్క

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? ఇక్కడ అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాస్త తగ్గాయి. మిగతా కబుర్లు తర్వాత. ముందు ఈ లెక్క నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

రాత్రి ఒక పాత శుభలేఖ కవరు చింపి, దాని లోపలివైపు రాసుకున్నాను: 4294967297. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. 2 పవర్ 32కి ఒకటి కలిపితే వస్తుంది. ఇది ప్రధాన సంఖ్యేనా, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ పోనిదేనా అన్నదే ప్రశ్న. 3తో పోదు, 7తో పోదు, 11తో పోదు, 13తోనూ పోదు.

ఫెర్మా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు 1640 ప్రాంతంలో ఒక వరస పట్టుకున్నాడు: 3, 5, 17, 257, 65537. అన్నీ ప్రధాన సంఖ్యలే. 2ని 1, 2, 4, 8, 16 సార్లు వేసి గుణించి ఒకటి కలిపితే వచ్చేవి. ఆ తర్వాతది మన సంఖ్యే. నిరూపణ దొరక్కపోయినా, ఈ వరసలో అన్నీ ప్రధాన సంఖ్యలేనని ఆయన గట్టిగా నమ్మాడు. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్, ఈ సంగతి తెలుసా అని తోటి గణితజ్ఞుడైన ఆయిలర్‌కి ఉత్తరం రాశాడు. అప్పటికి ఆయిలర్‌కి 22 ఏళ్ళు. అదీ ఉత్తరమేరా, ఇలాంటిదే!

1732లో ఆయిలర్ తేల్చేశాడు: 641తో పోతుంది. నువ్వూ కాగితం తీసుకుని వెయ్యి. 2 పవర్ 8 అంటే 256. దాని వర్గం, అంటే 2 పవర్ 16, 65536. 641తో భాగిస్తే 102 సార్లు పోయి 154 మిగులుతుంది. ఇక పెద్ద సంఖ్యతో పనే లేదు, శేషం ఒక్కటీ పట్టుకుంటే చాలు. 154 వర్గం 23716. మళ్ళీ 641తో భాగించు, 36 సార్లు పోయి 640 మిగులుతుంది. అంటే 2 పవర్ 32కి శేషం 640. దానికి మన ఒకటి కలుపు. 641! నిశ్శేషం! ఆ 640 చూడగానే నాకు ఒళ్ళు ఝల్లుమందిరా. రెండో భాజకం 6700417.

అయితే 641 దగ్గరికి ఎలా చేరాలి? నాకు ఇంకా గొప్పగా అనిపించింది ఇదే. ఈ సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలని ఆయిలర్ చూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే దొరికిపోతుంది! 429 కోట్ల అడవిలో అయిదు చెట్లు వెతికితే చాలన్నమాట. ఎందుకలాగో సంక్రాంతికి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని చెప్తాను, కాగితం మీద రాస్తే దాని రుచి పోతుంది.

ఫెర్మా చూసిన ఆ అయిదింటి తర్వాత ఈ వరసలో ఇప్పటిదాకా ఒక్క ప్రధాన సంఖ్యా దొరకలేదు. దీని తర్వాతి సంఖ్య 18446744073709551617. దాన్ని 1880లో లాండ్రీ అనే ఆయన ఛేదించాడు, 82 ఏళ్ళ వయసులో! భాజకం 274177. నువ్వూ 65536 దగ్గర మొదలుపెట్టి రెండుసార్లు వర్గం చేసి, ప్రతిసారీ శేషం తీసుకుంటూ వెళ్ళు. చివర్న 274176 రావాలి. వచ్చిందో లేదో, మధ్యలో ఎంతెంత మిగిలిందో వెంటనే రాయి.

నీ
రాము