వార్షిక నివేదిక: ఈ ఏడాది చరిత్ర బృందం పని

సభ్యులందరికీ నమస్కారం. పెన్సిల్వేనియాలో మన ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఆ లెక్కలు కోశాధికారి విడిగా పంపుతారు కాబట్టి ఇక్కడ ఎక్కువగా చరిత్ర బృందం గురించే రాస్తున్నాను.

ఈసారి తీసుకున్న అంశం, మనం ఇళ్లు కొనుక్కుని ఉంటున్న ఈ రాష్ట్రంలో డెలావేర్లు, అంటే లెనాపే ప్రజలు, చేసిన దాడులు. 1755 అక్టోబర్ 16న పెన్స్ క్రీక్ అనే చోట వలస వచ్చి స్థిరపడిన తెల్లవాళ్లలో 14 మందిని చంపి 11 మందిని పట్టుకెళ్లారు. మామూలుగా కథ అక్కడే మొదలుపెడతారు. మేం 1737 నుంచి మొదలుపెట్టాం. ఒకటిన్నర రోజులో మనిషి నడిచినంత మేర లెనాపేల భూమి మాదేనని, అప్పట్లో ఈ వలసరాజ్యానికి యజమానులైన పెన్ కుటుంబం పాత కాగితం ఒకటి చూపించి, ముందే దారి చదును చేయించి, ముగ్గురు గట్టి మనుషుల్ని ఉరికించింది. చివరిదాకా నిలిచింది ఒక్కడే, అరవై మైళ్ల పైనే వెళ్లాడు. రాత్రికి రాత్రి పొలం గట్టు జరిపేవాళ్లను చూసిన మనకి ఈ మోసం వివరించి చెప్పక్కర్లేదు.

డెలావేర్ నాయకుడు షింగాస్ దగ్గర చర్చ చాలాసేపు సాగింది. ఫ్రెంచ్ వాళ్లను తరిమేశాక ఈ నేల మీద మేం ఉండొచ్చా అని ఆయన ఫ్రెంచ్ వాళ్ల మీదికి వచ్చిన బ్రిటిష్ జనరల్ బ్రాడక్‌ని అడిగితే కుదరదన్నాడట, ఈ సంగతి తన దగ్గర బందీగా ఉన్న చార్లెస్ స్టువర్ట్‌కి షింగాసే చెప్పాడు. 1755 జులైలో ఫ్రెంచ్ వాళ్ల చేతిలో బ్రాడక్ సైన్యం చిత్తయింది, నవంబర్ కల్లా షింగాస్ గ్రేట్ కోవ్ అనే తెల్లవాళ్ల ఊళ్ల మీద పడ్డాడు. మరుసటి ఏడాది కెప్టెన్ జేకబ్స్ అని పిలిచే మరో డెలావేర్ నాయకుడు పెన్సిల్వేనియా వాళ్ల గ్రాన్‌విల్ కోటను తగలబెట్టాడు. అప్పటికే పెన్సిల్వేనియా ప్రభుత్వం డెలావేర్ల తలచర్మాలకి వెల కట్టింది, ఆడవాళ్లదైతే 50 స్పానిష్ డాలర్లు. 1756 సెప్టెంబర్ 8న పెన్సిల్వేనియా సైనికాధికారి ఆర్మ్‌స్ట్రాంగ్ దాదాపు 300 మందితో డెలావేర్ల ఊరు కిటానింగ్‌ని కాల్చేశాడు, జేకబ్స్ అక్కడే చనిపోయాడు.

పిల్లలున్న ఇళ్ల మీద పడి చంపడాన్ని మాలో ఎవరూ సమర్థించలేదు, నేనూ సమర్థించను. కానీ భూమి సంగతి వదిలేసి ఒక్క దాడులే చెప్తే మన పిల్లలకి సగం చరిత్రే తెలుస్తుంది, అందుకే వాళ్ల ఆదివారం క్లాసులో రెండూ కలిపే చెప్పాం.

వచ్చే ఏడాది, డెలావేర్లతోనూ ఇతర తెగలతోనూ బ్రిటిష్ వాళ్లు చేసుకున్న 1758 ఈస్టన్ ఒప్పందం తీసుకుంటున్నాం. డెలావేర్ వారసులు ఇప్పుడు ఎక్కువగా ఓక్లహోమాలో ఉన్నారు, వాళ్లలో ఎవరైనా ఆన్‌లైన్‌లో మాట్లాడతారేమో అడగబోతున్నాం. ఈ పనిలో చేరాలనుకునేవాళ్లు సర్వసభ్య సమావేశంలో పేరివ్వండి.