పేరు పంపమంటే స్కౌట్ మాస్టర్ రాడు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ప్రతి బడిలోనూ నాలుగు నెలల్లో ఒక స్కౌట్ ట్రూప్ (స్కౌట్ పిల్లల దళం) పెట్టాలని, దాన్ని నడపడానికి బడికొక టీచర్ పేరు పంపాలని మీ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. మొదటి మాట విని సంతోషించాను. నా పేచీ అంతా రెండో మాటతోనే. పేరు పంపమంటే ఏమవుతుందో మీకు తెలియంది కాదు. స్టాఫ్ రూంలో అందరికంటే జూనియరో, కాదనలేని మొహమాటస్తుడో దొరుకుతాడు. పేరు వెళ్తుంది, రిజిస్టర్‌లో ట్రూప్ పుడుతుంది. ఏడాదికి రెండుసార్లు పిల్లలు యూనిఫాం వేసుకుని జెండా వందనానికి నిలబడతారు. మిగతా రోజుల్లో స్కార్ఫులు బీరువాలో ఉంటాయి.

నేను చాలా ఏళ్లుగా పైసా తీసుకోకుండా ఈ పని చేస్తున్న స్కౌట్ మాస్టర్‌ని. ప్రపంచమంతటా ఈ ఉద్యమాన్ని మోస్తున్నది ఎక్కువగా ఇలా సొంత సెలవులు ఖర్చు పెట్టుకునేవాళ్లే. ప్రపంచ స్కౌట్ సంస్థ తన నిర్వచనంలోనే దీన్ని స్వచ్ఛంద, రాజకీయేతర ఉద్యమం అని రాసుకుంది.

1907 ఆగస్టులో, స్కౌటింగ్‌కి ఆద్యుడైన బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవికి ఓ ఇరవై మంది కుర్రాళ్లను తీసుకెళ్లి ప్రయోగంగా క్యాంపు పెట్టాడు. వాళ్లలో పెద్దింటి పిల్లలున్నారు, కార్మికుల పిల్లలున్నారు. అందర్నీ కలిపి నాలుగు పట్రోళ్లు, అంటే చిన్న జట్లు, చేశాడు. తోడేళ్లు, ఎద్దులు, కర్లూ పిట్టలు, మాలకాకులు అని పేర్లు పెట్టి, ఒక్కో పట్రోల్‌ని ఒక్కో కుర్రాడి చేతిలో పెట్టాడు. ఇప్పటికీ స్కౌటింగ్ అంటే అలాంటి చిన్న జట్టే. ఎవరు వంట చూడాలి, ఎవరు టెంట్ సామాను లెక్క చూసుకోవాలి అనేవి పట్రోల్ లీడర్ తేలుస్తాడు. ట్రూప్ మొత్తానికి సంబంధించిన గొడవలైతే పట్రోల్ లీడర్లంతా కోర్ట్ ఆఫ్ ఆనర్ అనే తమ సమావేశంలో కూర్చుని తేలుస్తారు. మరి పెద్దవాళ్లకి అక్కడ పనేముంది అంటారా?

చూడ్డానికి ఏమీ ఉండదు. క్యాంపులో గిన్నెలు పెట్టుకోవడానికి కర్రలతో స్టాండ్ కడుతుంటారనుకోండి. నిలువు కర్రకి క్లోవ్ హిచ్ అనే ముడి వేసి, అడ్డకర్ర ఆనించి, తాడుని రెండు కర్రల చుట్టూ మూడు చుట్లు తిప్పాలి. తర్వాత ఆ కర్రల మధ్యలోంచి రెండు చుట్లు తిప్పి గట్టిగా బిగించి, మళ్లీ క్లోవ్ హిచ్‌తో ముగించాలి. దీన్ని స్క్వేర్ లాషింగ్ అంటాం. పదమూడేళ్ల పట్రోల్ లీడర్ హడావుడిలో ఆ మధ్య బిగింపు వదిలేశాడు. పక్కన నిలబడ్డ స్కౌట్ మాస్టర్‌కి అది కనిపిస్తూనే ఉంది, కానీ నోరు విప్పడు. గిన్నెలు పెట్టగానే స్టాండ్ ఒక పక్కకి ఒరుగుతుంది. నువ్వంటే నువ్వని పిల్లలు కాసేపు కీచులాడుకుంటారు. ఆఖరికి వాళ్లలోనే ఒకడు వంగి చూసి, "ఇక్కడ లూజుగా ఉందిరా" అంటాడు. అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడటం ఎంత కష్టమో పాఠాలు చెప్పే అలవాటున్నవాళ్లని అడగండి. అదే మనిషి, ఎవరైనా గొడ్డలి తప్పుగా పట్టుకున్నాడంటే మాత్రం ఒక్క అంగలో అక్కడుంటాడు. ఏది చూసీ చూడనట్టు వదిలేయాలో, ఏది వెంటనే ఆపాలో తెలియడానికి శిక్షణ కావాలి. అందుకే 1919లోనే ఇంగ్లండ్‌లోని గిల్వెల్ పార్కులో, ట్రూపులు నడిపే పెద్దవాళ్ల కోసం, అంటే లీడర్ల కోసం, వుడ్ బ్యాడ్జ్ కోర్సు మొదలైంది. కొందరు లీడర్ల మెడలో తోలు తాడుకి కనిపించే రెండు చెక్క పూసలు ఆ కోర్సు పూర్తిచేసినవాళ్లవే. సగం రోజు ఓరియెంటేషన్‌తో అది వచ్చేది కాదు.

మా ఆచారాల సంగతీ అంతే. మేం ఎడమ చేత్తో షేక్‌హ్యాండ్ ఇస్తాం (మీ ప్రోటోకాల్ అధికారులు ఒకటి రెండుసార్లు కంగారు పడే ఉంటారు). ఆఫ్రికాలో అశాంటీ అనే జాతి యోధులు ఎదుటి మనిషిని నమ్మినప్పుడు డాలు దించి, ఆ ఎడమ చేయి చాపేవారని, అక్కడి నుంచే ఇది వచ్చిందని మా పిల్లలకి చెప్పుకుంటాం. సెల్యూట్‌లో నిలిపే మూడు వేళ్లూ మా ప్రతిజ్ఞ, అంటే స్కౌట్ ప్రామిస్‌లోని మూడు భాగాలు. పిల్లవాడు కొన్ని వారాలు ట్రూప్‌తో తిరిగి, ఇది తనకి కావాలనుకున్నాక, తోటివాళ్ల ముందు నిలబడి ఆ ప్రామిస్ చెబుతాడు. అప్పుడే స్కార్ఫ్ మెడలో పడుతుంది. వేలమందిని మైదానంలో నిలబెట్టి, మైకులో చదివించి, ఫొటో తీసే సామూహిక ప్రతిజ్ఞ దయచేసి పెట్టకండి. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే ఎండలో నిలబడేది మా పిల్లలే.

ప్రభుత్వం అతిగా చొరవ తీసుకుంటే ఏమవుతుందో 2023లో దక్షిణ కొరియాలోని సేమంగమ్‌లో చూశాం. ప్రపంచ జాంబోరీకి, అంటే అన్ని దేశాల స్కౌట్ల పెద్ద క్యాంపుకి, 40 వేల మందికి పైగా వచ్చారు. సముద్రాన్ని పూడ్చిన నేల, నీడకి చెట్టు లేదు. వందల మందికి వడదెబ్బ తగిలింది. బ్రిటన్ తన 4 వేల మందికి పైగా సభ్యుల్ని మధ్యలోనే హోటళ్లకి తరలించింది, అమెరికా బృందమూ వెళ్లిపోయింది. చివరికి తుపాను వస్తోందని క్యాంపంతా ఖాళీ చేయించారు. నిర్వహణలో ప్రభుత్వానిదే పైచేయి అయి స్కౌట్ సంఘం పక్కకి జరిగిపోయిందన్నది ఆ తర్వాత వచ్చిన విమర్శల్లో ముఖ్యమైనది.

ఇంకో విషయం, రాయడానికి ఇష్టం లేకపోయినా రాయాలి. అమెరికా బాయ్ స్కౌట్స్ సంస్థ 2020లో దివాలా పిటిషన్ వేసింది. చిన్నప్పుడు లైంగిక వేధింపులకు గురయ్యామని 82 వేల మందికి పైగా క్లెయిములు వేశారు. పరిహార నిధి సుమారు 246 కోట్ల డాలర్లకు తేలింది. మీరు నాలుగు నెలల్లో బడికొక లీడర్ కావాలంటే, ఆ తొందరలో మొదట ఎగిరిపోయేది లీడర్ల పూర్వాపరాల తనిఖీయే. తనిఖీ కాని మనిషిని పిల్లల దగ్గరికి పంపకూడదు. ఏ పెద్దమనిషీ పిల్లవాడితో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి. అంటే బడికొక టీచర్ అన్న మీ లెక్క మొదట్లోనే తప్పు. కనీసం ఇద్దరు కావాలి.

మీ శాఖ నిజంగా చేయగలిగినవి ఉన్నాయి. పోలీసు వెరిఫికేషన్ ఉచితంగా, త్వరగా అయ్యేలా చూడండి. టీచర్లు శిక్షణకీ క్యాంపుకీ వెళ్లిన రోజుల్ని ఆన్ డ్యూటీగా రాయించండి. ఒక క్యాంపుకి ఇన్ని రకాల అనుమతి పత్రాలు, ఒక్కోటి ఒక్కో ఆఫీసులో, ఎందుకో ఎవరినైనా కూర్చోబెట్టి అడగండి. లీడర్లు మానేసేది పిల్లల అల్లరి భరించలేక కాదు, ఈ తిరుగుడు భరించలేకే.

ఇక ఉత్తర్వులో ఒక టీచర్ పేరు పంపాలన్న వాక్యం తీసేయించండి. టీచరైనా, తల్లిదండ్రులైనా, పాత విద్యార్థులైనా ఇష్టమున్న పెద్దవాళ్లు ముందుకు రావచ్చని రాయించండి. మొదటి ఏడాది మీరనుకున్న ట్రూపుల్లో నాలుగో వంతు కూడా రాకపోవచ్చు. సభలో చెప్పుకోవడానికి ఆ అంకె ఏం బాగుండదు. అది చూసి కంగారుపడి పాత వాక్యాన్ని మళ్లీ పెట్టించవద్దని నా విన్నపం.

ఇట్లు,
ఒక స్కౌట్ మాస్టర్