మా నాన్నగారికి గుటక దిగేలా చేసినవారందరికీ

నాన్నగారికి అన్నవాహిక క్యాన్సర్. నయమయ్యే దశ దాటిపోయింది. అయినా ఆయన్ని వదిలేయని పాలియేటివ్ కేర్ (జబ్బు తెచ్చే బాధను తగ్గించే వైద్యం) బృందానికి పేరుపేరునా నమస్కారాలు.

మొదట గట్టి పదార్థాలు దిగడం మానేశాయి, తర్వాత మెత్తనివి, ఆ తర్వాత నీళ్లు. చివరికి ఉమ్మి కూడా మింగలేక పక్కన గిన్నె పెట్టుకుని కూర్చునేవారు. నొప్పికన్నా అదే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది.

డాక్టరుగారు ఏమీ దాచలేదు. ఇప్పుడు చేసేది జబ్బును తగ్గించదు, మింగే దారి తెరుస్తుంది, అంతే అన్నారు. రేడియేషన్‌తోనూ ఉపశమనం వస్తుందట గానీ వారాలు పడుతుంది. నాన్నకు అంత వ్యవధి లేదు. అందుకని ఎండోస్కోపీతో లోపలికి వెళ్లి, మూసుకుపోయిన చోట దానంతటదే విచ్చుకునే లోహపు స్టెంట్, అంటే దారి తెరిచి ఉంచే జాలీ గొట్టం, పెట్టారు. ఛాతీలో నొప్పి వస్తుందని ముందే చెప్పి, మాత్రలు మింగే బాధ లేకుండా మార్ఫిన్ ద్రవం ఇచ్చారు.

మర్నాడు సిస్టర్ చెంచాతో నీళ్లు పట్టారు. నాన్న కళ్లు మూసుకుని గుటక వేశారు. "దిగిందమ్మా" అన్నారు. ఆవిడ తొందరపెట్టకుండా, ఆయన కంఠం వైపే చూస్తూ రెండో చెంచా అందించారు. ఆ తల్లికి ఏమిచ్చి రుణం తీర్చుకోగలం?

ఇంటికి పంపేముందు అన్నీ ఓపిగ్గా నేర్పారు. నిటారుగా కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పెట్టాలి. తింటున్నప్పుడూ, తిన్నాకా గ్యాస్ ఉన్న డ్రింక్ రెండు గుక్కలు తాగిస్తే స్టెంట్‌లో పదార్థం పేరుకోదు. బ్రెడ్డు, పీచు మాంసం వద్దు. నాన్నకు స్టెంట్ కింది కొసన ఉంది కాబట్టి కడుపులో ఆమ్లం పైకి తన్నకుండా మంచం తలవైపు ఎత్తుగా ఉండాలి. అమ్మతో మాత్రం విడిగా మాట్లాడారు: "తినమని బలవంతపెట్టకండి. ఆకలి తగ్గడం జబ్బు వల్లే, మీ లోపం కాదు." అమ్మ అప్పుడు ఏడ్చింది, ఆ రాత్రి నిద్రపోయింది.

ట్యూబు ద్వారా ఆహారం ఇచ్చే విషయం మమ్మల్ని కాదు, ముందు నాన్ననే అడిగారు. వద్దన్నారు. ఆ మాటకు విలువిచ్చారు.

ఒక రాత్రి ఏదో అడ్డుపడి మళ్లీ ఏమీ దిగలేదు. ఫోన్ ఎత్తిన అబ్బాయి గాభరా పడనివ్వలేదు, ఏమీ పెట్టొద్దని చెప్పి, తెల్లారేసరికి ఎండోస్కోపీకి ఏర్పాటు చేయించాడు. బాబూ, నీ పేరు అడగలేదు. నాన్న నిన్ను చల్లగా ఉండమని దీవించారు.