మీ పాలకొండ ఏ జిల్లా అంటే...

ఒరేయ్ శీనూ,

పాలకొండ వాడివై ఉండి "మాది ఇప్పుడు ఏ జిల్లారా" అని నన్ను అడుగుతావా! పార్వతీపురం మన్యం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రాలో పాత జిల్లాల్ని విడగొట్టి కొత్తవి చేసినప్పటి నుంచీ అంతే. అంతకుముందు మనందరిదీ శ్రీకాకుళం జిల్లాయే. మీ పిన్ని వాళ్ల రాజాం విజయనగరంలోకి పోయింది. నేను శ్రీకాకుళంలోనే ఉండిపోయాను.

ఈ కొత్త జిల్లాల గీతల కోసం కొత్తగా కొలిచిందేమీ లేదురా. లోక్‌సభ నియోజకవర్గాల మ్యాపు ముందేసుకుని, సీటుకో జిల్లా అన్నారు. సీట్లు 25. అరకు దగ్గర మాత్రం లెక్క కుదరలేదు. మీ పాలకొండ నుంచి రంపచోడవరం దాకా కొండలంట సాగిపోయే సీటది. కలెక్టరు ఎక్కడ కూర్చున్నా సగం మందికి దూరాభారమే. దాన్ని రెండు చేసేసరికి జిల్లాలు 26 అయ్యాయి.

అసలు ఆ నియోజకవర్గాలు 2001 జనాభా లెక్కలతో, సీటు సీటుకీ జనం ఇంచుమించు సమానంగా ఉండేట్టు గీసినవి. జనం ఏ ఊరు సంతకి పోతారో, ఏ ఆసుపత్రికి పరిగెడతారో ఆ గీతకేం పట్టింది? ఎచ్చెర్ల సంగతే చూడు. లోక్‌సభకి విజయనగరం సీటు, ఊరేమో శ్రీకాకుళం పక్కనే. అంబేద్కర్ యూనివర్సిటీ అక్కడే, పైడిభీమవరం ఫ్యాక్టరీలు ఆ నియోజకవర్గంలోనే. చివరికి దాన్ని శ్రీకాకుళంలోనే ఉంచారు. మంచి పనే చేశారు.

అసలు తిరకాసు ఇప్పుడు చెప్తా. కలెక్టర్లు 26 మంది అయ్యారు, 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తులు మాత్రం పాత 13 జిల్లాలకే కొనసాగాయి. అంటే మీ వాళ్లకి కలెక్టరు పార్వతీపురంలో, జడ్పీ శ్రీకాకుళంలో! 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం పంచాయతీల ప్లాన్లు, మున్సిపాలిటీల ప్లాన్లు కలిపి జిల్లాకంతా ఒక్క ప్లాను తయారుచేయాల్సింది జిల్లా ప్రణాళికా సంఘం. అందులో ఐదింట నాలుగొంతుల మంది జడ్పీ, మున్సిపాలిటీల్లో గెలిచినవాళ్లే. మరి ఏ జిల్లాకి ప్లాను వేస్తార్రా వాళ్లు, పాతదానికా, కొత్తదానికా? జిల్లాలు విడగొట్టిన రోజున అందరూ బోర్డులు ఎక్కడ పెట్టాలా అని చూసుకున్నారు గానీ ఈ ముడి ఎవరికీ పట్టినట్టు లేదు.

సర్లే, మీ బెంగళూరుని కూడా 2025లో ఐదు కార్పొరేషన్లు చేశారటగా. నీ ఫ్లాటు ఎందులో పడింది? అదైనా తెలుసా నీకు?

నీ
రమణ